బ్లడ్ క్యాన్సర్ మొదలైన చోటు ఏది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో బ్లడ్ క్యాన్సర్ల గురించి రాసిన దగ్గర్నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు చాలా వచ్చాయి. చాలామంది అడిగింది ఒకటే, ఫైల్లో ‘ప్రైమరీ సైట్’ (జబ్బు పుట్టిన చోటు) అని ఉన్నచోట రాసింది చూసి కంగారు పడ్డామని. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. నేను పాథాలజీ డాక్టర్ని, క్యాన్సర్ రిజిస్ట్రీ, అంటే ఎవరికి ఏ క్యాన్సర్ ఎక్కడ వచ్చిందో లెక్క రాసే చోటు, ఆ ఫారాలు నింపే వాళ్లతో చాలాకాలం కలిసి పనిచేశాను, అందుకని ఈ విషయం మీద నాకు కొంచెం పట్టుదల ఎక్కువే.

మేడం, మా నాన్నగారికి జ్వరం తగ్గకుండా చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే శ్రీకాకుళంలో చూపించాం, తెల్లకణాలు బాగా పెరిగిపోయాయని విశాఖ పంపించేసారు. అక్కడ బ్లడ్ క్యాన్సర్, ఏఎంఎల్ అన్నారు. ఫైల్లో రిజిస్ట్రీ ఫారం అని ఒక కాగితం ఉంది, ప్రైమరీ సైట్ దగ్గర ‘బోన్ మారో, సీ42.1’ అని రాసుంది. క్యాన్సర్ రక్తంలో కదండీ, మరి బోన్ అంటారేటి? ఎముకల్లోకి కూడా పాకేసిందా? అమ్మకి ఏటి చెప్పాలో తెలీటం లేదు.
నరసన్నపేట నుంచి ఒక కొడుకు

పాకలేదు బాబూ, ముందు అమ్మగారికి ఆ ఒక్క మాట చెప్పెయ్యండి. బోన్ మారో అంటే ఎముక లోపల ఉండే మెత్తటి మజ్జ, రక్తకణాలన్నీ తయారయ్యేది అక్కడే. నాన్నగారి ఏఎంఎల్ లుకేమియా అనే రకం బ్లడ్ క్యాన్సర్, లుకేమియా పుట్టేది కూడా ఆ మజ్జలోనే, అక్కడ పెరిగిన చెడ్డ కణాలు రక్తంలోకి వచ్చేస్తాయి కాబట్టి మనకి రక్తపరీక్షలో కనిపిస్తాయి. నాగావళి నీళ్లు మనకి శ్రీకాకుళం వంతెన కింద కనిపించినా నది పుట్టింది ఒడిశా కొండల్లో కదా, ఇదీ అంతే. ప్రైమరీ సైట్ అన్నచోట రాయాల్సింది జబ్బు పుట్టిన చోటు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ల కోసమే ప్రత్యేకంగా ఒక కోడ్ పుస్తకం తయారుచేసింది, ఐసీడీ-ఓ అంటారు, మొదట 1976లో వచ్చింది, మూడో ఎడిషన్ 2000లో వచ్చింది, మధ్యలో మార్పులు చేసుకుంటూ ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. అందులో ఒక్కో క్యాన్సర్‌కి రెండు కోడ్లు ఉంటాయి, ఎక్కడ పుట్టిందో చెప్పేది ఒకటి, ఏ రకమో చెప్పేది ఇంకొకటి. రక్తానికి సీ42.0, మజ్జకి సీ42.1, ప్లీహానికి సీ42.2. లుకేమియాలన్నిటికీ, ఒక్క మైలాయిడ్ సార్కోమా తప్ప, దాని గురించి కింద ఇంకో ఉత్తరంలో చెప్తాను, మజ్జ కోడే వెయ్యాలి. రక్తం కోడ్ సీ42.0 దాదాపు ఎప్పుడూ అవసరం రాదు, వాల్డెన్‌స్ట్రామ్ అనే అరుదైన జబ్బుకి పుస్తకం ఆ కోడ్ చూపిస్తుంది, అంతే. ఎముకకైతే సీ40, సీ41 అని వేరే కోడ్లు ఉన్నాయి. నాన్నగారి ఫారంలో అవి లేవు కదా, మీ ఫారం నింపినవాళ్లు సరిగ్గానే రాశారు.

మా చెల్లికి మెడ దగ్గర బిళ్లలు వస్తే టీబీ అనుకుని మందులు వాడాం, తరవాత బయాప్సీలో హాడ్జ్‌కిన్ లింఫోమా అని వచ్చింది. ఒక కాగితం మీద సీ77.0 అని ఉంటే ఫోన్లో వెతికాను, ‘లింఫ్ గ్రంథులకి పాకిన సెకండరీ క్యాన్సర్’ అని వచ్చింది. అంటే అసలు క్యాన్సర్ ఇంకెక్కడో ఉందా? రెండ్రోజులై ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.
చీపురుపల్లి నుంచి ఒక అక్క

ఇంకెక్కడా లేదమ్మా, లింఫోమా అంటే లింఫోసైట్లనే తెల్లకణాల క్యాన్సర్, మీ చెల్లికి అది ఆ లింఫ్ గ్రంథుల్లోనే పుట్టింది. మీకు ఫోన్లో దొరికింది అబద్ధం కూడా కాదు, వేరే పుస్తకంలోది. ఆస్పత్రుల్లో అన్ని జబ్బులకీ వాడే కోడ్ పుస్తకం ఐసీడీ-10, అందులో సీ77 అంటే వేరే చోట పుట్టిన క్యాన్సర్ గ్రంథులకి పాకడం. క్యాన్సర్ రిజిస్ట్రీ వాళ్ల ఐసీడీ-ఓలో మాత్రం సీ77 అంటే లింఫ్ గ్రంథులు, అంతే, అది కేవలం చోటు పేరు. పుట్టిందా పాకిందా అన్నది దాని పక్కనుండే రెండో కోడ్‌లో తెలుస్తుంది, నాలుగంకెల తరవాత గీత పెట్టి 3 అని ఉంటే అక్కడే పుట్టిన క్యాన్సర్ అని, 6 ఉంటే వేరే చోటు నుంచి పాకినదని. మీ కాగితంలో 96తో మొదలయ్యే అంకె, చివర గీత పక్కన 3 ఉండి ఉంటాయి, ఒకసారి చూడండి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మీ చేతిలో ఉన్నది రిజిస్ట్రీ కాగితం అయితే సరే. ఆరోగ్యశ్రీకో ఇన్సూరెన్స్‌కో పెట్టే డిశ్చార్జ్ కాగితం అయితే మాత్రం అందులో హాడ్జ్‌కిన్‌కి సీ81 ఉండాలి, మిగతా లింఫోమాలకి సీ82 నుంచి అలా వెళ్తాయి, మైలోమాకి (మజ్జలో పుట్టే ఇంకో బ్లడ్ క్యాన్సర్) సీ90, లుకేమియాలకి సీ91 నుంచి సీ95 వరకు. వాటి స్థానంలో సీ77 పడితే కంప్యూటర్‌కి అది పాకిన క్యాన్సర్ కింద అర్థమౌతుంది, క్లెయిమ్ దగ్గర అనవసరంగా ఇబ్బంది. రికార్డ్ సెక్షన్‌కి వెళ్లి బయాప్సీ రిపోర్ట్ చూపించి మార్పించుకోండి, గొడవ పడక్కర్లేదు, వాళ్లకి కూడా రెండు పుస్తకాల మధ్య ఈ తికమక తెలిసిందే.

నేను విజయనగరంలో ఒక ఆస్పత్రి రికార్డ్ సెక్షన్లో చేస్తున్నాను. ఒక పేషెంట్‌కి మెడ దగ్గర గడ్డ తీసి బయాప్సీ చేశారు, డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా. పెట్ స్కాన్‌లో చంకల్లో, పొట్టలో, గజ్జల్లో కూడా గ్రంథులు ఉన్నాయి. బయాప్సీ మెడలో కాబట్టి నేను సీ77.0 వేశాను, మా సీనియర్ గారు సీ77.8 అన్నారు. ఎవరు రైటు? కడుపులోనో చర్మంలోనో లింఫోమా ఉన్నప్పుడు ఏం చెయ్యాలో కూడా కొంచెం వివరంగా రాయండి మేడం, ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు లేరు ఇక్కడ.

మీ సీనియర్ గారే రైటు. ఇంత ఓపిగ్గా అడిగినందుకు మీకు నిజంగా థాంక్స్, ఎందుకంటే రిజిస్ట్రీలో లింఫోమా కేసులు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. సర్జన్ మెడ గడ్డని ఎందుకు ఎంచుకున్నారు? కత్తికి అందుబాటులో ఉంది, సులువు, ప్రమాదం తక్కువ. పొట్ట లోపల వెన్ను పక్కనున్న గడ్డ తియ్యడం కష్టం కాబట్టి దాని జోలికి వెళ్లలేదు. ముక్క తీసిన చోటుకీ జబ్బు పుట్టిన చోటుకీ సంబంధం ఉండాలని లేదు, ఐసీడీ-ఓ పుస్తకం కూడా ఈ మాట స్పష్టంగా చెప్తుంది.

గ్రంథుల్ని పుస్తకం ప్రాంతాలుగా విడగొట్టింది. తల, మెడ, కాలర్ ఎముక పైన ఉన్నవి సీ77.0, ఛాతీ లోపలివి సీ77.1, పొట్ట లోపలివి సీ77.2, చంక, చెయ్యి సీ77.3, గజ్జ, కాలు సీ77.4, కటి లోపలివి సీ77.5. రెండు మూడు ప్రాంతాల్లో ఉండి ఎక్కడ మొదలైందో డాక్టర్ రాయకపోతే సీ77.8. మెడకి రెండు వైపులా ఉన్నాయనుకోండి, అది రెండు ప్రాంతాలు అవ్వదు, కుడీ ఎడమా కలిపి ఒకే సీ77.0, ఇది చాలామంది పొరపాటు పడే చోటు. గ్రంథుల్లో ఉందని మాత్రం తెలుసు, ఏ గ్రంథులో ఫైల్లో ఎక్కడా లేదు అంటే అప్పుడు సీ77.9. ఇది ఆఖరి దారి, తొందరగా ఫారం ముగించడానికి వేసే కోడ్ కాకూడదు, ముందు స్కాన్ రిపోర్ట్ కోసం అడగండి, డాక్టర్ గారి ఓపీ నోట్స్ తిరగెయ్యండి, ఆయన దొరికితే నేరుగా అడిగెయ్యండి.

ఇక కడుపు సంగతి. లింఫోమా గ్రంథుల్లోనే పుట్టాలని లేదు, జీర్ణాశయం, చర్మం, మెదడు, వృషణం, థైరాయిడ్, ఎక్కడైనా పుట్టొచ్చు. ఒక అవయవంలోనే ఉంటే ఆ అవయవం కోడే, జీర్ణాశయం అయితే సీ16. ఆ అవయవంతో పాటు దాని పక్కనే ఉండే సొంత గ్రంథుల్లో కూడా ఉన్నా అవయవం కోడే. జీర్ణాశయంలోనూ ఉంది, ఎక్కడో దూరంగా గజ్జల్లోనూ ఉంది, ఎక్కడ మొదలైందో డాక్టర్‌ని అడిగినా తేల్చలేకపోయారు అంటే, అమెరికాలో క్యాన్సర్ లెక్కలు తీసే సీర్ వాళ్ల మాన్యువల్ ప్రకారం గ్రంథుల కోడ్‌కి, అంటే సీ77.9కి వెళ్లిపోవాలి. మజ్జలో తప్ప ఇంకెక్కడా లింఫోమా దొరక్కపోతే సీ42.1. గ్రంథుల్లో ఏమీ లేదు, ఏదో అవయవంలో పుట్టిందని డాక్టర్ అనుమానం గానీ ఏ అవయవమో తెలీదు, అప్పుడు మాత్రమే సీ80.9. ఈ సీ80.9ని ‘తెలీదు’ బటన్‌లాగా నొక్కెయ్యకండి దయచేసి.

ఇంత పట్టింపు ఎందుకంటారా, జీర్ణాశయంలో పుట్టే మాల్ట్ లింఫోమా అని ఒకటి ఉంది, ఎక్కువగా హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చేది. ఆ క్రిమిని కనిపెట్టినందుకు మార్షల్, వారెన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లకి 2005లో నోబెల్ ఇచ్చారు. మొదటి దశలో ఉండి ఆ క్రిమి కూడా ఉంటే, కీమో లేకుండా రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సుతోనే చాలామందిలో ఆ లింఫోమా కరిగిపోతుంది. మెదడులో పుట్టిన లింఫోమాకేమో మామూలుగా ఇచ్చే కీమో మందులు సరిగ్గా చేరవు, మెథోట్రెక్సేట్ ఎక్కువ మోతాదులో ఇవ్వాలి. వృషణంలో పుట్టినది తరవాత మెదడుకి, రెండో వృషణానికి వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి దాని కాపుదల వేరు. ఇవన్నీ మీరు సీ77.9 అని వేసేస్తే ఒకే కుప్పలో కలిసిపోతాయి, ఆ తరవాత మన ఉత్తరాంధ్రలో కడుపు లింఫోమాలు ఎన్ని అని ఎవరైనా వెతికితే ఒక్కటీ దొరకదు. ఫారం మీద మీరు వేసే ఆ ఒక్క అంకె వెనక ఒక మనిషి ఉన్నాడు, మీ ఉత్తరం చదివితే అది మీకు తెలుసని అర్థమైంది.

మాది కవిటి మండలం. మా మావయ్యగారికి క్రియాటినిన్ పెరిగిపోతే ఉద్దానం కిడ్నీ జబ్బే అనుకున్నాం, ఊళ్లో ఇంటికొకరు ఉన్నారు కదా. నడుం నొప్పి అంటే కొబ్బరి తోటలో పని వల్ల అనుకుని నొప్పి మాత్రలు వేసుకునీవారు. ఇప్పుడు మల్టిపుల్ మైలోమా అంటున్నారు, డయాలసిస్ కూడా చేస్తన్నారు. ఇది కిడ్నీ క్యాన్సరా, ఎముక క్యాన్సరా, బ్లడ్ క్యాన్సరా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తన్నారు.
ఒక కోడలు

ఇది మజ్జలో పుట్టే క్యాన్సర్ అమ్మా, కోడ్ సీ42.1, బ్లడ్ క్యాన్సర్ల కుటుంబంలోదే. మజ్జలో ప్లాస్మా కణాలని ఉంటాయి, అవి అదుపు తప్పి పెరిగి ఒక రకం ప్రోటీన్‌ని విపరీతంగా తయారుచేస్తాయి, ఆ ప్రోటీన్ ముక్కలు కిడ్నీ గొట్టాల్లో పేరుకుని కిడ్నీని పాడుచేస్తాయి, ఈ జబ్బు ఎముకల్ని కూడా తినేస్తుంది కాబట్టి నడుం నొప్పి. కిడ్నీ, ఎముక రెండూ దెబ్బతిన్న చోట్లు, పుట్టింది అక్కడ కాదు. రిజిస్ట్రీలో కిడ్నీ కోడ్ సీ64 వేస్తే అది తప్పు.

మీ ఉత్తరం చదివి నేను చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు క్రియాటినిన్ పెరిగితే ఎవరికీ ఆశ్చర్యం లేదు, ఉద్దానం జబ్బు అని పేరు పెట్టేస్తారు, అక్కడితో వెతకడం ఆగిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఉద్దానం జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. మైలోమాలో పోతుంది గానీ మూత్రంలో పుల్ల ముంచి చూసే మామూలు పరీక్షకి అల్బుమిన్ అనే ప్రోటీన్ ఒక్కటే సరిగ్గా దొరుకుతుంది, మైలోమా ప్రోటీన్ ముక్కలు దొరకవు. అందుకని పుల్ల మీద రెండూ ఒకేలా కనిపించవచ్చు. నా మాట ఏంటంటే, వయసు మళ్లిన మనిషికి కిడ్నీ దెబ్బతినడంతో పాటు తగ్గని నడుం నొప్పి, కిడ్నీ జబ్బు స్థాయికి మించి రక్తం తక్కువ, లేదా కాల్షియం ఎక్కువ ఉంటే మైలోమా ప్రోటీన్‌ని పట్టే సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చెయిన్ పరీక్షలు చేయించమని డాక్టర్‌ని అడగండి. ఇది మీ ఊళ్లో మిగతావాళ్లకి కూడా చెప్పండి. నొప్పి మాత్రలు మాత్రం ఇంక మావయ్యగారికి ఇవ్వొద్దు, డైక్లోఫెనాక్ లాంటివి అసలే వద్దు, మైలోమా ఉన్న కిడ్నీకి అవి విషం, నొప్పికి ఏం వాడాలో క్యాన్సర్ డాక్టర్నే అడగండి.

కోడింగ్ చేసేవాళ్ల కోసం ఒక మాట. వెన్నుపూస నుంచి ముక్క తీస్తే ‘ప్లాస్మాసైటోమా’ (ప్లాస్మా కణాల గడ్డ) అని రిపోర్ట్ వస్తుంది, అది చూసి వెంటనే సీ41.2 వేసెయ్యకండి. మజ్జ పరీక్ష, మిగతా స్కాన్లు బాగుండి ఆ ఒక్క ఎముకలోనే గడ్డ ఉంటేనే అది సాలిటరీ ప్లాస్మాసైటోమా, అప్పుడే ఎముక కోడ్. మజ్జ పరీక్షలో ప్లాస్మా కణాలు 10 శాతం దాటి, కిడ్నీ, ఎముకలు కూడా దెబ్బతిని ఉంటే అది మైలోమాయే, మజ్జ కోడే.

మా గుంటడికి ఆరేళ్లు. ఎడమ కన్ను ఉబ్బి ముందుకి వచ్చేసింది, కంటి డాక్టర్ స్కాన్ తీసి కంటి వెనక గడ్డ ఉందన్నారు. రక్తపరీక్ష చేస్తే ఏఎంఎల్ అంట. ఇప్పుడు కంటి క్యాన్సర్, రక్త క్యాన్సర్ రెండూ ఉన్నట్టా?
బొబ్బిలి నుంచి ఒక తండ్రి

రెండు లేవు నాన్నా, ఒకటే. ఏఎంఎల్ కణాలు ఒక్కోసారి మజ్జ బయట గడ్డలా పోగవుతాయి, దాన్నే మైలాయిడ్ సార్కోమా అంటారు, పిల్లల్లో కంటి గూడు వెనక రావడం డాక్టర్లకి తెలిసిన సంగతే. మొదటి ఉత్తరం జవాబులో మినహాయింపు అన్నది దీని గురించే. రక్తంలో, మజ్జలో ఏమీ లేకుండా ఆ గడ్డ ఒక్కటే ఉంటే కంటి గూడు కోడ్ సీ69.6. మీ బాబుకి గడ్డా లుకేమియా ఒకేసారి దొరికాయి కాబట్టి ఒకే కేసు, ఏఎంఎల్, సీ42.1. వైద్యం కూడా ఏఎంఎల్‌కే, ఆ కీమోతో కంటి వెనక గడ్డ కూడా తగ్గుతుంది సాధారణంగా. కన్ను ఆపరేషన్ కోసం ఊళ్లు తిరగకండి, పిల్లల బ్లడ్ క్యాన్సర్ చూసే చోట వెంటనే మొదలుపెట్టండి, ఇందులో ఆలస్యం పనికిరాదు.

మా అమ్మకి ఒక రిపోర్టులో సీఎల్ఎల్ అని, ఇంకో దాంట్లో ఎస్ఎల్ఎల్ అని ఉంది. మా పెద్దమ్మకేమో పాలిసైథీమియా, అది క్యాన్సర్ కాదన్నారు గానీ రిజిస్ట్రీలో రాసుకున్నారు. కారణం చెప్పగలరా?
రాజాం

సీఎల్ఎల్, ఎస్ఎల్ఎల్ ఒకే జబ్బు, లింఫోసైట్లలో నెమ్మదిగా పెరిగే క్యాన్సర్, కోడ్ కూడా ఒకటే, 9823/3. రక్తంలోనో మజ్జలోనో ఉంటే చోటు సీ42.1, గ్రంథుల్లో మాత్రమే ఉంటే సీ77. అమ్మగారిని రెండుసార్లు లెక్కపెట్టరు. పెద్దమ్మగారి విషయంలో, పాలిసైథీమియా వీరాని, అంటే మజ్జ ఎర్రకణాల్ని మరీ ఎక్కువగా తయారుచేసే జబ్బుని, ఐసీడీ-ఓ మూడో ఎడిషన్ నుంచి క్యాన్సర్ల వరసలో పెట్టారు, అంతకుముందు అటూ ఇటూ తేల్చని జబ్బుగా ఉండేది. చాలామంది ఏళ్ల తరబడి మందులతో బాగానే ఉంటారు, పేరు రాసుకున్నంత మాత్రాన ఆమె జబ్బేమీ ముదరలేదని చెప్పండి.

మాది పలాస, పదేళ్లుగా హైదరాబాద్‌లో కూలి పని. జబ్బు అక్కడే బయటపడింది, వైద్యం విశాఖలో. అడ్రస్ ఏది ఇవ్వాలి? ఆధార్ మీద పలాసే ఉంది. అసలు రిజిస్ట్రీ వాళ్లు ఇవన్నీ ఎందుకు అడుగుతారు?

జబ్బు బయటపడేనాటికి మీరు నిజంగా కాపురం ఉంటున్న చోటు చెప్పండి, అంటే హైదరాబాద్. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ల జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 1981లో పెట్టారు, దాని కింద బెంగళూరు, ముంబై, చెన్నైలలో 1982 నుంచి లెక్కలు తియ్యడం మొదలైంది. ఒక ప్రాంతంలోని క్యాన్సర్లన్నీ లెక్కపెట్టే జనాభా రిజిస్ట్రీలో ఆ ప్రాంతంలో కనీసం ఏడాదిగా ఉంటున్నవాళ్లనే అక్కడి లెక్కలో వేస్తారు. ఆధార్ చూసి పలాస అని రాసేస్తే మీరు ఇన్నాళ్లూ పీల్చిన గాలి, చేసిన పని ఏవీ ఆ లెక్కకి అందవు. మన జిల్లాల నుంచి వలస వెళ్లేవాళ్లు ఇంతమంది ఉన్నారు, అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఆధార్‌లో వేరే ఊరు ఉందని, ఎన్నేళ్లుగా ఎక్కడున్నారో, ఏం పని చేశారో కూడా వాళ్లకి నోటితో చెప్పండి, రాసుకుంటారు.

ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి వెళ్లేటప్పుడు మొట్టమొదటి రిపోర్టులు, అంటే వైద్యం మొదలుపెట్టక ముందు తీసిన మజ్జ పరీక్ష, బయాప్సీ, స్కాన్, వాటి జిరాక్సులు ఒక సెట్ ఇంట్లో ఉంచుకోండి. కీమో పడ్డాక తీసిన స్కాన్‌లో గడ్డలు కరిగిపోయి ఉంటాయి, దాన్ని చూసి జబ్బు ఎక్కడ పుట్టిందో ఎవరూ చెప్పలేరు. రిజిస్ట్రీ నుంచి ఫోన్ వస్తే ఆరోగ్యం ఎలా ఉందని, అడ్రస్ మారిందా అని అడుగుతారు, ఎవరైనా డబ్బులో ఓటీపీయో అడిగితే మాత్రం వాళ్లు రిజిస్ట్రీ వాళ్లు కారు, ఫోన్ పెట్టేసి ఆస్పత్రి నంబర్‌కి మీరే చేసి కనుక్కోండి.